నట్టింట్లో గుంజ

జనవరి 31

ఈరోజుతో మా ఆయన గనిలోకి దిగడం అయిపోయింది. దండ వేశారు, శాలువా కప్పారు, మిఠాయి డబ్బా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి దండను మేకుకు తగిలించి "అన్నం పెట్టు" అన్నాడు. భూమి కింద కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన టింబర్‌మెన్ మొండయ్య ఆఖరి దినాన అన్న మాట ఇదొక్కటే. నేను ఏడుస్తానేమో అనుకున్నాను గానీ ఏడుపు రాలేదు. వేళ కాని వేళ సైరన్ మోగితే ఇక నా గుండె ఆగక్కర్లేదు, అంత సంతోషంగా ఉంది.

ఇక క్వార్టర్ ఖాళీ చేయాలి. వానలు పడేలోపు అన్నారు. చెన్నూరులో మా జాగా ఉంది. మంచి జాగానే, కానీ నల్లరేగడి. పక్క జాగాలో సత్తవ్వ ఇటుకలతో ఇల్లు కట్టుకుని ఏం బావుకుందో చూస్తూనే ఉన్నాను. వానకు నేల ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుపోతుంది, గోడ పగులుతుంది. ఆ పగుళ్ళలో పిడికిలి పడుతుంది. ఏటా సిమెంటు నింపుతుంది, ఏటా గోడ మళ్ళీ నోరు తెరుస్తుంది.

నేను ఇటుకలతో కట్టను. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 4

అన్నం తింటుండగా చెప్పేశాను. ఆయన తింటున్నప్పుడే చెప్పాలి, లేచాక వినడు.

మా నర్మద నర్సుగా పనిచేసే బోథ్ దవాఖాన గోడల సంగతి చెప్పాను. పోయిన మే నెలలో బిడ్డను చూడబోయినప్పుడు, బయట రాళ్ళు పగిలే ఎండలో, ఆ లోపలి గదిలో కూలర్ లేకుండా కునుకు తీశాను. లేచేసరికి కొంగు కప్పుకుని ఉన్నాను. అదే ఎండాకాలం ఈయనకు వడదెబ్బ తగిలి సెలైన్ ఎక్కించారు. క్వార్టర్ కప్పు పెనంలా కాలుతుంది మరి. "గోడలు ఫ్యాక్టరీలనే చేస్తరట. రెండు సిమెంటు బోర్డులు, నడుమ గట్టి నురుగు. లారీల వస్తయి, నిలవెట్టి బిగిస్తె ఇల్లు. కప్పు సుత గవ్వే. తేలికగుంటది, నల్లరేగడి మోస్తది" అన్నాను.

"నీ ఇష్టం" అన్నాడు.

ఒప్పుకున్నాడు. ఇంత సులువుగా ఒప్పుకుంటాడనుకోలేదు.

ఫిబ్రవరి 11

ఆయన్ను బోథ్ తీసుకుపోయాను. బస్సు దిగి నేరుగా దవాఖానకే. నర్మద గదులన్నీ చూపించింది. ఆయన గోడ మీద వేలి కణుపులతో కొట్టాడు. తర్వాత మూలనున్న గొడుగు అందుకుని దాని పిడితో కప్పు మీద కొట్టాడు. చెవి పైకెత్తి మళ్ళీ కొట్టాడు. మందుల కోసం కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. గొడుగు ఎక్కడిదక్కడ పెట్టి బయటికి పోయాడు. చాయ్ కూడా బయటే తాగాడు. నర్మద "బాపూ, లోపటికి రా, చల్లగుంటది" అని పిలిస్తే "ఈడ మంచిగున్నది బిడ్డా" అన్నాడు. మిట్టమధ్యాహ్నం, గోడ నీడ కూడా లేని చోట.

దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నచ్చినట్టే ఉంది.

ఫిబ్రవరి 12

నచ్చలేదు.

ఫిబ్రవరి 13

గట్టిగానే పోట్లాడుకున్నాం. మా అత్త కొమురవ్వ చెవుల్లో కొంగు పెట్టుకుని కూర్చుంది. ఆ చెవులకు మామూలుగానే సగం వినపడదు.

"డొల్ల ఉన్నదే" అన్నాడాయన. "గనిల కప్పును కర్రతోని కొట్టి చూస్తం. ఖంగుమంటె బతుకు. డొల్లగ మోగితె సావు. నా చెవులకు గంతే తెలుసు."

"గది గని, ఇది ఇల్లు. నడుమ నురుగుంటె డొల్లగనే మోగుతది. గందుకే ఎండ లోపటికి రాదు."

"కట్టుకో. నేనేమన్న అద్దంటున్ననా? కని గా కప్పు కింద మాత్రం నేను పండ. వాకిట్ల మంచమేసుకుంట."

అన్నాడంటే చేస్తాడు. ఆయన పేరు మొండయ్య, పేరు పెట్టినవాళ్ళు చూసే పెట్టారు. కానీ నేను మాత్రం తక్కువ తిన్నానా? "పంటవు! గా కప్పు కిందనే పంటవు, గురకపెట్టి మరీ పంటవు. రాసిపెట్టుకో!" అన్నాను.

ఆయన రాసిపెట్టుకోడు. అందుకే నేను రాసిపెడుతున్నాను.

హనుమండ్లు పేరు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయనా, హనుమండ్లూ గనిలో జతగా పనిచేసేవాళ్ళు. కప్పు కూలి హనుమండ్లు పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఆ పేరు పలకం.

ఆయన పడుకుంటే ఎంత, పడుకోకపోతే ఎంత. నేను కట్టేది ఎండ కోసం, నల్లరేగడి కోసం. అది అది, ఇది ఇది.

మార్చి 3

ముగ్గు పోశాం. నల్లమట్టి తవ్వి తీసేసి మొరం నింపుతున్నారు. సత్తవ్వ తన గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతూ రోజంతా చూసింది. సాయంత్రానికి ఆగలేక లేచి వచ్చింది.

"రేవతక్కా, నిజమేనా, థర్మకోల్‌తోని కడుతున్నవట? ఇల్లు కడుతున్నవా, పెండ్లి స్టేజి కడుతున్నవా?"

"రెండూను. నీ కొడుకు పెండ్లి గిండ్లనే చేద్దాం" అన్నాను. నవ్వుకుంటూ పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లల తల్లులు కూడా అదే మాట అంటున్నారు. పిట్ట కొంచెం కూత ఘనం, ఇల్లు లేకముందే ఊరంతా పేరు.

మార్చి 9

మొరం మీద ఆయన రోజూ నీళ్ళు కొడుతున్నాడు. చెప్పకుండానే పొద్దున్నే మొదటి బస్సుకు పోయి దిమ్మిస తీసుకుని దంచుతున్నాడు. నేల గట్టిగా ఉండాలట. "నేలకు నీకు లడాయి లేదు కద?" అంటే "నేలేం చేసింది పాపం. నాకు మీదిదాంతోనే" అన్నాడు.

మార్చి 16

అడుగు స్లాబు పోశాం. గీత గీసినట్టు సమంగా వచ్చింది. చెప్పులు విడిచి దాని మీద నడవాలనిపించింది, తడి ఆరలేదని నడవనివ్వలేదు.

మార్చి 25

లారీ వచ్చింది!

ఊరు ఊరంతా వచ్చింది దాని వెనకాలే. ప్యానెళ్ళు దింపుతుంటే ఇద్దరు మనుషులు తలుపు మోసినట్టు మోసుకొచ్చారు. ఒక్కోదాని మీద నీలం సుద్దతో అంకె వేసి ఉంది. బిగించే మేస్త్రీ ఓంప్రకాశ్, భైంసా మనిషి. నన్ను మావ్‌శీ అంటాడు, ఆయన్ను కాకా అంటాడు. వాళ్ళ అమ్మ చెల్లెల్ని అయిపోయాను ఒక్క పూటలో.

వచ్చీరాగానే గోడలు లేపుదాం అన్నాడు. అప్పుడు లేచింది మా అత్త.

"దర్వాజ ఎత్తకుంట గోడలు లేపుతరా? గింత వయసొచ్చింది, గసొంటిది ఏడ చూడలే!"

నిజమే. మా వైపు ఇల్లంటే మొదట దర్వాజ. ముహూర్తం చూసి, కింద నవధాన్యాలు వేసి, దర్వాజ ఎత్తాకే దాని రెండు పక్కలా గోడ లేస్తుంది. ఈ ఇంటికేమో గోడలోనే దర్వాజకు సందు కోసి పంపారు, గోడ లేచాకే దర్వాజ పడుతుంది. ఓంప్రకాశ్ నచ్చజెప్పబోయాడు. మా అత్తకు ఏదీ వినపడలేదు. ఆమెకు వినపడనివి ఎప్పుడూ ఆమెకు అక్కర్లేనివే.

చివరికి టేకు దర్వాజను ఖాళీ స్లాబు మీద ముహూర్తానికి నిలబెట్టారు. ఓంప్రకాశ్ మనుషులు నలుగురు నాలుగు వైపులా పట్టుకున్నారు. పసుపు, కుంకుమ, మామిడాకులు, కొబ్బరికాయ. చుట్టూ ఒక్క గోడ లేదు, ఆకాశం కింద ఒంటరిగా దర్వాజ. అత్త అందులోంచి కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది. లోపల అంటే స్లాబు మీదికే. పక్కనుంచి రాబోయిన సత్తవ్వను "ఏయ్, దర్వాజ కానొస్తలేదా? గోడలకెల్లి వస్తున్నవు!" అని గదిమింది. సత్తవ్వ వెనక్కి పోయి, చుట్టు తిరిగి, దర్వాజలోంచే వచ్చింది.

నవ్వీ నవ్వీ నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆయనా నవ్వాడు. రిటైరయ్యాక మొదటిసారి పళ్ళు కనబడేటట్టు నవ్వాడు.

మార్చి 27

గోడలు లేచాయి. పొద్దున నేను అంగన్‌వాడీకి పోయేటప్పుడు ఒక మూల నిలబెట్టారు, సాయంత్రం వచ్చేసరికి హాలు, వంటగది, అత్త గది అన్నీ ఉన్నాయి. మొదట నేను తప్పు వీధికి వచ్చాననుకున్నాను.

రెండు ప్యానెళ్ళు కలిసే చోట నురుగు కొట్టి బిగిస్తారు. "ఒకటి నేను కొడత" అన్నాను. డబ్బా చేతికిచ్చాడు ఓంప్రకాశ్. నొక్కగానే బుస్సుమని పొంగింది, సందులో సగం, నా జుట్టులో సగం. కత్తెరతో జుట్టు కత్తిరించుకోవాల్సి వచ్చింది. ఏం ఫర్వాలేదు. ఆ గోడలో నా చెయ్యి ఉంది, నా జుట్టూ ఉంది.

మార్చి 30

ఇంటికి కప్పు పడింది. నేను ఈ మాట పెద్ద అక్షరాలతో రాయాలనుకున్నాను. కప్పు పడింది!

ఒక పక్కకు కొంచెం వాలుగా పెట్టారు. బిగించడం కాగానే ఓంప్రకాశ్ తన మనుషుల్నందరినీ పైకెక్కించి, అటూ ఇటూ నడిపించి, "కాకా, చూడు, ఏనుగులను ఎక్కియ్యమంటవా?" అని అరిచాడు. ఆయన రోడ్డు మీద నిలబడి చూశాడు. నేను హాలు మధ్యలో నిలబడి తల పైకెత్తి చూశాను. పైన మనుషులు నడుస్తున్నారు, కింద నా మీద దుమ్ము కూడా రాలలేదు. ఇది నేను కట్టించిన ఇల్లు. సర్కారు క్వార్టర్ కాదు, కంపెనీ క్వార్టర్ కాదు, తాతల ఇల్లు కాదు. రేవతి ఇల్లు.

ఏప్రిల్ 6

సున్నం అక్కర్లేదు, రంగు వేస్తున్నారు. లోపల లేత పసుపు. బయట ఆకుపచ్చ వద్దన్నాడాయన. ఏదైతే ఏమంటే "బోర్డుల ఇల్లు, ఆకుపచ్చ రంగేస్తె పోలీసు చౌకీ లెక్కుంటది" అన్నాడు. లోపలికి రాడు గానీ బయటి రంగు మీద పెత్తనం చేస్తాడు.

లేత పసుపే వేయించాను, బయట కూడా.

ఏప్రిల్ 14

కోపంతో కలం కాగితాన్ని చింపేస్తోంది. రాయలేను.

ఏప్రిల్ 15

ఇప్పుడు రాస్తాను.

నిన్న అంగన్‌వాడీ నుంచి నేరుగా కొత్త ఇంటికి పోయాను, పరదాలకు కొలత తీసుకుందామని. దర్వాజ తీయగానే నట్టింట్లో గుంజ! నిలువెత్తు నీలగిరి దుంగ, బెరడు కూడా తీయలేదు. కింద స్లాబు మీద ఒక చెక్క, పైన కప్పుకు ఆనించి ఒక పలక, ఆ పలకకూ దుంగకూ మధ్య వెడ్జి. ఒక పక్క మందంగా, ఒక పక్క పలుచగా చెక్కిన ముక్క. అచ్చం గనిలో నిలబెట్టినట్టే. పక్కనే ఆయన, ఆయన పాత జతగాడు రాజం, ఇద్దరూ బీడీలు తాగుతూ.

"ఏందయ్యా ఇది?"

"కర్ర."

"కర్రనే, కనవడుతున్నది. నా నట్టింట్ల ఎందుకున్నది?"

"ఉండనీయ్యరాదే" అన్నాడు. రంగు వాసన ఇంకా పోని హాలు, రెండు రోజుల్లో గృహప్రవేశం, బోథ్ నుంచి నర్మద, దాని అత్తామామలు వస్తున్నారు, మధ్యలో బెరడు దుంగ! నోటికొచ్చినట్టు తిట్టాను. ఓంప్రకాశ్ మిగిలిన సామాను తీసుకుపోదామని వచ్చాడు, గుంజను చూసి మొహం మాడ్చుకున్నాడు. "అరే దేవా! మావ్‌శీ, నా కప్పుకు కర్ర పెట్టిండ్రా? ఎవలన్న చూస్తె నా ఇజ్జత్ ఏమైతది?" అన్నాడు.

రాజం నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "కోపం చేయకు వదినా. గనిల అయితె వెడ్జిని సుత్తెతోని బిగగొడతం. వాడు గట్ల కొట్టలే. చేత్తోని దూర్చిండు. ఏలు వెడితె కదులుతది, చూడు. కప్పు ఎంట్రుకంత దిగినా గది బిగుస్తది, ఇగ కదలదు. దిగకపోతె గట్లనే వదులుగుంటది. వాడు కప్పును మోస్తలేడు, అడుగుతుండు."

వేలు పెట్టి చూశాను. కదిలింది.

తీసేయమని ఇక అడగలేదు. ఆయన మీద జాలి కాదు. పండుగ ముందు లొల్లి ఎందుకని.

ఏప్రిల్ 16

గృహప్రవేశం.

పాలు పొంగాయి. ఎంత పొంగాయంటే కొత్త పొయ్యి ఆరిపోయింది, మళ్ళీ వెలిగించాం. అందరూ వచ్చారు. అందరూ గోడ మీద కొట్టి చూశారు. పంతులు కూడా మంత్రాల మధ్యలో ఒకసారి కొట్టాడు.

గుంజను ఏం చేయాలో పొద్దుటిదాకా తెలియలేదు. చీర చుడదామా, పూలు కడదామా అని నేనూ నర్మదా తలలు పట్టుకుంటుంటే మా అత్త వచ్చి, గుంజను కిందినుంచి మీదిదాకా చూసి, గిన్నెడు పసుపు తెచ్చి దానికి రాసింది. కుంకుమ బొట్లు పెట్టింది. ఇంట్లో ఏది నిలబడి ఉంటే దానికి బొట్టు పెట్టడం ఆమె అలవాటు, ఫ్రిజ్‌కు కూడా పెట్టింది. తర్వాత వచ్చిన ఆడవాళ్ళందరూ వరసగా బొట్టు పెట్టి, దండం పెట్టి పోయారు. ఒకామె అక్షింతలు వేసింది. నర్మద అత్త దాని చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసింది.

సత్తవ్వ నా చెవిలో అడిగింది, "అక్కా, గీ ప్యానెల్ ఇండ్లకు నడుమ గిట్ల గుంజ నిలవెట్టాలెనా?"

"మరి? నిలవెట్టకపోతె అరిష్టం" అన్నాను.

ఓంప్రకాశ్ విని నోట్లో పూర్ణం ఇరుక్కుని దగ్గాడు. ఆ తర్వాత వాడి మొహమూ విప్పారింది.

అందరూ పోయాక ఆయన మంచం వాకిట్లో వేసుకున్నాడు. అన్నట్టే చేశాడు. చేయనీ.

ఏప్రిల్ 24

ఆయన లోపలికి వస్తాడు, అన్నం తింటాడు, టీవీ చూస్తాడు, గుంజ దగ్గరికి పోయి వెడ్జిని వేలితో కదిపి చూస్తాడు, బయటికి పోతాడు. కునుకుకు మాత్రం వాకిలే. సామానంతా వచ్చేసింది, క్వార్టర్ తాళంచెవి ఇచ్చేశాం. ఈ ఇల్లు తప్ప మాకు ఇల్లు లేదు. ఆయనకు అదీ లేదు.

ఏప్రిల్ 27

వేడి మొదలైంది. లోపల చల్లగా ఉంది, నిజంగా చల్లగా ఉంది. మధ్యాహ్నం సత్తవ్వ చాట పట్టుకుని వచ్చి ఇక్కడే బియ్యం ఏరుతోంది. ఏరేది గుప్పెడు, కూర్చునేది పూట. ఆయన మాత్రం వాకిట్లో తడి తువ్వాల మొహం మీద వేసుకుని పడుకుంటున్నాడు. పోయినేడు వడదెబ్బ కొట్టిన మనిషి. నేను కట్టిన గోడకు అవతల, జానెడు దూరంలో, కాలిపోతున్నాడు.

ఎండ కోసమే కట్టానని రాశాను కదా ఫిబ్రవరిలో. ఎవరి ఎండ కోసమో రాయలేదు.

మే 2

ఊడ్చేటప్పుడు వెడ్జిని నేనూ కదిపి చూస్తున్నాను. ఊడ్వడానికి అక్కడికి పోతాను కాబట్టి.

వదులుగానే ఉంది.

మే 7

ఎంత గాలి, ఎంత గాలి! సాయంత్రం ఒక్కసారిగా పడమర నల్లబడింది. నేను బట్టలు తీసేలోపే వడగళ్ళు మొదలయ్యాయి, నిమ్మకాయలంత. సత్తవ్వ వంటింటి రేకులు పేకముక్కల్లా లేచిపోయి రోడ్డవతల పడ్డాయి. సత్తవ్వ, ఆమె కొడుకు, కోడిపిల్లల గంప, అందరూ మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చారు.

ఆయన మంచం వదిలేసి లోపలికొచ్చాడు. కూర్చోలేదు. నేరుగా గుంజ దగ్గరికి పోయి రెండు చేతులతో పట్టుకున్నాడు. "కూసోరాదయ్యా" అన్నాను. వినలేదు. కళ్ళు పైనే ఉన్నాయి. కప్పు మీద వడగళ్ళు పడుతుంటే దూరంగా ఎవరో జొన్నలు చెరుగుతున్నట్టు వినపడింది. మేమంతా గోడలకు ఆనుకుని కూర్చున్నాం. ఆయన ఒక్కడే నిలబడ్డాడు, గాలి ఆగేదాకా దుంగను కావలించుకుని, ఇంటినంతా తానే మోస్తున్నట్టు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

వాన వెలిశాక వేలు వెడ్జి మీద పెట్టాడు. అందరం చూస్తున్నాం. సత్తవ్వ కోడిపిల్లలు కూడా ఆగాయి, లేదా నాకట్లా అనిపించింది.

కదిలింది.

"వదులుగనే ఉన్నది" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

మా అత్త "మరి? నేను బొట్టు వెట్టిన గుంజ!" అంది.

గోడలు చుట్టూ తిరిగి చూశాను. ఒక్క పగులు లేదు, ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఊరంతా వినపడేటట్టు అరవాలనిపించింది. థర్మకోల్ ఇల్లు! పెండ్లి స్టేజి! రండి, ఇప్పుడు చూడండి!

ఆయన తడిసిన మంచం బాగుచేసుకుని మళ్ళీ వాకిట్లోనే పడుకున్నాడు.

మే 8

పొద్దున్నే చాయ్ తీసుకుపోయి మంచం పట్టె మీద కూర్చున్నాను. గొంతు పెంచకూడదని ముందే అనుకున్నాను. "వెడ్జి వదులుగనే ఉన్నది కద. ఇంక ఏంది?" అన్నాను.

చాయ్ అంతా తాగాడు. తర్వాత చెప్పాడు. ఇన్నేళ్ళలో చెప్పనిది.

"గా దినం కప్పు కొట్టి చూసిన. డొల్లగ మోగింది. హనుమండ్లుతోని 'ఈడికెల్లి జరుగు, కర్ర తెస్త' అని పోయిన. జరిగిండు. మల్ల తట్ట మరిచినని ఎనుకకొచ్చిండట. నేను దుంగ భుజం మీదేసుకొని వస్తనే ఉన్న. సప్పుడినొచ్చింది." ఖాళీ గ్లాసులోకి చూస్తూ, "నిలవెట్టాల్సిన కర్ర నా భుజం మీదనే ఉండె రేవతీ" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ముందే ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆయన భయపడుతున్నాడనుకున్నాను. గుంజను తిట్టాను, నవ్వాను, దానికి దండాలు పెట్టించి ఊరిని ఆటపట్టించాను. అది హనుమండ్లు కోసం తెచ్చిన కర్ర అని నాకేం తెలుసు?

కొంగుతో మొహం తుడుచుకుని అడిగాను. "ఈడ టైముకు నిలవెట్టినవు కద?"

"నిలవెట్టిన."

"గింత గాలి వచ్చింది. కప్పు పడ్డదా?"

"పడలే."

"కింద అందరం ఉంటిమి. మీ అవ్వ, నేను, సత్తవ్వ, దాని కోళ్ళు."

"ఉంటిరి" అన్నాడు. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చాడు.

గుంజను ఇక ఎవరు కదిలించమన్నా కదిలించను. అది ఎన్నాళ్ళు నిలబడితే అన్నాళ్ళు నిలబడనీ.

మే 15

సత్తవ్వ ఓంప్రకాశ్ ఫోన్ నంబరు అడిగింది. వంటిల్లు ప్యానెళ్ళతో వేయించుకుంటుందట. అడిగేటప్పుడు నా మొహం చూడలేదు, గోడ వైపు చూసి అడిగింది. ఇచ్చాను. నాలుక చివరిదాకా వచ్చింది పెండ్లి స్టేజి మాట. మింగేశాను. మింగడం కష్టమైంది.

"గుంజ సుత చెప్పాలెనా అక్కా, గాయనే తెస్తడా?" అని అడిగింది.

మే 21

ఎండకు మంటలు మండుతున్నట్టుంది బయట. పిల్లల్ని పొద్దున్నే పంపేసి మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. వాకిట్లో మంచం లేదు.

వడదెబ్బ తగిలి ఎవరైనా దవాఖానకు ఎత్తుకుపోయారేమోనని దర్వాజ తోసుకుని లోపలికి పడ్డాను.

మంచం హాల్లో ఉంది. గుంజ ఉన్న చోట, సరిగ్గా ఆ చోటనే. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నోరు తెరిచి, చేతులు రెండూ ఎటు పడితే అటు వదిలేసి. భుజాలు కిందికి దిగి ఉన్నాయి. పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఇట్లా పడుకోవడం చూడలేదు. ఎప్పుడూ పక్కకు ముడుచుకుని, ఒక చెయ్యి తల మీద అడ్డం పెట్టుకుని పడుకునేవాడు.

అత్త తన గదిలోంచి గుసగుసగా చెప్పింది. ఆమె గుసగుస వీధి చివరిదాకా వినపడుతుంది. "వాడే తీసిండు. ఎవ్వలను పిలువలే. పసుపు రాసినది పారేయద్దంటె ఎనుక వాకిట్ల పాతిండు, బీరతీగ పారుతదని."

వెనక్కి పోయి చూశాను. పసుపూ బొట్లూ అట్లాగే ఉన్న దుంగ నల్లమట్టిలో నిటారుగా నిలబడి ఉంది. చుట్టూ గింజలు పెట్టి నీళ్ళు పోశాడు.

తిరిగొచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాను. వాకిట్లో మట్టిలో దిగబడి తెలియలేదు గానీ ఆ మంచానికి ఒక కాలు పొట్టి. ఈ నున్నటి నేల మీద అయితే ఊగాలి. ఊగడం లేదు. వంగి చూశాను. పొట్టి కాలి కింద వెడ్జి ఉంది.

వేలితో కదిపి చూశాను. కదల్లేదు. ఆయన బరువంతా దాని మీదే ఉంది.

గురకపెడుతున్నాడు. ఫిబ్రవరిలో రాసిపెట్టింది ఇప్పుడు మళ్ళీ చదువుకుని ఇది రాస్తున్నాను. లేచాక చూపిస్తాను.